ఓరుగల్లు పేగుకు ఒక నోటిఫికేషన్

నిరుద్యోగ సమస్యకు పరిష్కారం మన కడుపులోనే ఉందంటే ఎవరూ నమ్మరు. అందుకని ముందు రేటు చెప్తాను. 2023 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 'వౌస్ట్' అనే మందుకు అనుమతి ఇచ్చింది. మళ్లీ మళ్లీ తిరగబెట్టే ఒక పేగు జబ్బును ఆపే మందు ఇది. ఆరోగ్యవంతుల మలాన్ని సేకరించి, ఆల్కహాల్‌తో శుద్ధి చేసి, అప్పటికీ చావకుండా మిగిలిన బ్యాక్టీరియా బీజాలను క్యాప్సూళ్లలో నింపుతారు. రోజుకు నాలుగు చొప్పున మూడు రోజులు మింగాలి. మార్కెట్లోకి వచ్చినప్పుడు పెట్టిన ధర 17,500 డాలర్లు. మన లెక్కలో 14 లక్షల పైమాటే, అంటే గోలీకి లక్ష దాటింది. ఎనుమాముల మార్కెట్లో ఏ మిర్చికీ ఏ సీజన్లోనూ ఆ ధర పలకలేదు.

మనమేమో అదే ముడిసరుకును ఎదురు డబ్బులిచ్చి, ట్యాంకరెక్కించి, అమ్మవారిపేట శుద్ధి కేంద్రానికి సాగనంపుతున్నాం. పోలీసు బందోబస్తు కూడా లేకుండా.

కాబట్టి ప్రభుత్వం వెంటనే 'మలదాత' పోస్టులకు నోటిఫికేషన్ ఇవ్వాలని నా ప్రతిపాదన. నవ్వకండి, ఇది ఉన్న ఉద్యోగమే. అమెరికాలో ఓపెన్‌బయోమ్ అనే సంస్థ 2012లోనే మలానికి బ్యాంకు తెరిచింది. ఒక్కో నమూనాకు దాత చేతిలో 40 డాలర్లు పెట్టింది. అయితే ముందుకొచ్చిన వందమందిలో ముగ్గురు కూడా పరీక్షలు దాటలేదట. వరంగల్ జనం చెవులు నిక్కించేది ఇక్కడే. నూటికి ముగ్గురు పాసయ్యే పరీక్ష ఎక్కడుంటే అక్కడ హన్మకొండలో నాలుగు కోచింగ్ సెంటర్లు, ఎనిమిది హాస్టళ్లు, ఒక జిరాక్స్ షాపు వెలుస్తాయి. ఫ్లెక్సీ మీద ర్యాంకర్ల ఫొటోలు వేస్తారు. ఏం సాధించారో మాత్రం చిన్న అక్షరాల్లో రాస్తారు.

ఇంత గిరాకీ ఎందుకంటే, మన పేగుల్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా కాపురముంటోంది. ఒంట్లోని మన సొంత కణాలు 30 లక్షల కోట్లే. ఓటింగ్ పెడితే మన శరీరంలో మనమే ప్రతిపక్షం. ఈ జనాభా మొత్తం తూకం వేస్తే 200 గ్రాములు ఉంటుంది. మనకు అరగని పీచును అవి తిని, పెద్దపేగు కణాలకు తిండి పెడతాయి, చెడ్డ సూక్ష్మజీవులకు చోటు దొరకకుండా చూస్తాయి. యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడు మంచీచెడూ చూడకుండా అందరూ పోతారు. ఖాళీ జాగా కనిపిస్తే ఆక్రమించే గుణం మనుషులకే కాదు, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియాకూ ఉంది. అది పాగా వేస్తే విరేచనాలు ఆగవు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మందు వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. నెదర్లాండ్స్ వైద్యులు ఇలాంటి రోగులకు ఆరోగ్యవంతుల మలాన్ని ద్రావణం చేసి, ముక్కులో నుంచి వేసిన గొట్టం ద్వారా ఎక్కించారు. 16 మందిలో 13 మందికి ఒక్క మోతాదుతోనే తగ్గింది, ఇద్దరికి రెండో మోతాదుతో. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే వాడిన 13 మందిలో తగ్గింది నలుగురికి. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేసి 2013లో ఫలితాలు ప్రకటించారు.

గట్టిగా రుజువైంది ఈ ఒక్క జబ్బుకే. ఊబకాయం, షుగర్, డిప్రెషన్ అన్నిటికీ ఇదే మందు అనేవాళ్లు ఇప్పటికే బయల్దేరారు. వాటి మీద పరిశోధన ఇంకా సాగుతోంది, ఎలుకల దగ్గర మాత్రం చాలా బాగా సాగుతోంది.

ఇక మన అభ్యర్థుల సంగతి. దాత కావాలంటే గత కొన్ని నెలల్లో యాంటీబయాటిక్ ముట్టి ఉండకూడదు. 2019లో అమెరికాలో మందులకు లొంగని ఈ-కోలై బ్యాక్టీరియా దాత నుంచి ఇద్దరు రోగులకు చేరి, అందులో ఒకరు చనిపోయారు. అప్పటి నుంచి మొండి బ్యాక్టీరియా కోసం కూడా పరీక్ష పెట్టారు. ఈ రెండు షరతులతో ఓరుగల్లు మెరిట్ లిస్టు దాదాపు ఖాళీ. మన దగ్గర గొంతు గరగరమన్నా, ముక్కు కారినా మెడికల్ షాపు ముందు నిలబడితే చాలు. "అన్నా, జెర మంచి గోలీలియ్యి, రేపు పెండ్లికి పోవాలె." "ఏంగాదు తమ్మీ, మూడు దినాలది ఇస్తున్న, తక్కువైతే ఆపెయ్యి." ఇంతే కన్సల్టేషన్. సెఫిగ్జిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు అమ్మితే కొన్నవారి పేరు, రాసిన డాక్టర్ పేరు రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలని షెడ్యూల్ హెచ్1 పేరుతో 2014 నుంచి నిబంధన ఉంది. రిజిస్టర్ ఉంటుంది. దాని మీద అగరుబత్తీల స్టాండ్ కూడా ఉంటుంది.

యాంటీబయాటిక్ గండం దాటినవాడు గ్యాస్ గోలీ దగ్గర దొరికిపోతాడు. ఇక్కడ గుండెనొప్పి గ్యాసే, తలనొప్పి గ్యాసే, అల్లుడి మీద కోపమూ గ్యాసే. పొద్దున లేవగానే పాంటప్రజోల్ పడాలి. కడుపులో యాసిడ్ తగ్గితే నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా చెక్‌పోస్టు లేని లారీలా నేరుగా పేగుల్లోకి దిగిపోతుంది. ఇన్ని చేశాక, 'మంచి బ్యాక్టీరియా' అని బొమ్మ ఉన్న పొడి పొట్లం కొంటాం. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు చూసిందేమిటంటే, యాంటీబయాటిక్ తర్వాత ఇలాంటి మంచి బ్యాక్టీరియా మందు, అంటే ప్రోబయోటిక్, వేసుకున్నవారి పేగుల్లో పాత బ్యాక్టీరియా తిరిగి రావడం ఇంకా ఆలస్యమైంది. ముందే దాచుకున్న సొంత మలాన్ని తిరిగి ఎక్కించుకున్నవారికి మాత్రం కొద్ది రోజుల్లోనే మామూలైంది. పాస్‌బుక్కుల పక్కన బీరువాలో దాచుకోదగ్గ ఆస్తి మనకు ఇంకొకటి ఉందన్నమాట.

మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అనే ముద్ర, వచ్చింది. జొన్నరొట్టె, గట్క, అంబలి, పచ్చిపులుసుతో పెరిగిన పేగుకు ఎందుకు రాకూడదని దరఖాస్తు రాశాను. ఒరిజినల్ నమూనా జతచేయాలట. ఆ పేగు ఇప్పుడు పర్వతగిరి వైపు తొంభై ఏళ్ల అవ్వల దగ్గర తప్ప దొరకడం లేదు. వాళ్ల మనవలంతా హన్మకొండ చౌరస్తాలో మంచూరియా దగ్గర ఉన్నారు. అవ్వను అడిగితే ఇస్తుంది గానీ, ఎందుకో చెప్పాక కర్ర తీస్తుంది.

అయినా నోటిఫికేషన్ రావాల్సిందే. వయోపరిమితి సడలింపు అవ్వలకు ఇవ్వాలి. ములుగు, భూపాలపల్లి వాళ్లకు సెంటర్ దగ్గరలోనే వేయాలి, ఎందుకంటే నమూనా తాజాగా చేరాలి, ఆర్టీసీ బస్సు సంగతి తెలిసిందే. ఒక్క నిమిషం ఆలస్యమైనా హాల్లోకి రానివ్వరనే నిబంధన మాత్రం ఈ ఒక్క పరీక్షకు ఎత్తేయాలి. ఎంత చదివినా ఇది అభ్యర్థి చేతిలో ఉండే విషయం కాదు.