మత్తు దిగకముందే ఓటు

బేరూత్‌లో పుట్టి, పెరిగి, కరెంటు లేక నెలనెలా జనరేటర్ బిల్లు కడుతున్నవాడికి కూడా బేరూత్‌లో ఓటు ఉండకపోవచ్చు. అది తాతగారి పేరు రిజిస్టరులో ఎక్కిన ఊళ్లో ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్ల ఓటైతే మొగుడి పూర్వీకుల ఊరికి కాపురానికెళ్తుంది. లెబనాన్‌లో మందుకు 18 ఏళ్లు చాలు, ఓటుకు మాత్రం 21 నిండాలి.

2022 మే 15, ఆదివారం, పార్లమెంటు ఎన్నికలు. పోలింగు పొద్దున ఏడింటికే మొదలు. శనివారమంటే తెల్లారుజామున నాలుగింటికి ఇల్లు చేరడమే ఎరిగిన మార్ మిఖాయెల్ (బేరూత్‌లో బారుల పేట) కుర్రాడు, ఓటున్న తాతగారి ఊరికని దాముర్ మీదుగా షూఫ్ కొండలెక్కాడు. బడి గేటు దగ్గర రంగురంగుల టీషర్టుల పార్టీ ఏజెంట్లు "మన ఊరబ్బాయేగా!" అంటూ మీద పడ్డారు. ఈ ప్రేమ మిగతా నాలుగేళ్లూ ఎక్కడ దాక్కుంటుందో!

అట్ట తెర వెనక అసలు కథ. చాపంత కాగితం నిండా మొహాలే. ఒక్కో నిలువు వరస ఒక్కో అభ్యర్థుల జాబితా. షూఫ్, పక్కనున్న ఆలే జిల్లా రెండూ కలిసి ఒకటే నియోజకవర్గం, 13 సీట్లు. జాబితాకు ఒక టిక్కు, అందులో నచ్చిన ఒకరికి ఇంకో టిక్కు. ఆ నచ్చినవాడు కూడా తన షూఫ్ వాడే అయ్యుండాలి. ఇవన్నీ 2017 చట్టం పెట్టిన తిప్పలు. అంతకు ముందు పార్టీలవాళ్లే చీటీ అచ్చేసి చేతిలో పెట్టేవారు, మడిచి పెట్టెలో పడేస్తే సరిపోయేది. బద్ధకస్తుల స్వర్ణయుగం.

బాబాయి మాట దక్కించాలి, బారులో దోస్తుకిచ్చిన మాటా తప్పకూడదు. అందుకని ఒక జాబితాకు టిక్కు, పక్క జాబితాలో మీసాలాయనకు టిక్కు. అలా చేస్తే జాబితా ఓటు నిలుస్తుంది, మీసాలాయనది గాలికి పోతుంది. రెండు జాబితాలకూ పెట్టుంటే మొత్తం చెల్లదు. జాబితా సంగతే మరిచి, మీసాలాయనకొక్కడికే పెట్టుంటే రెండూ చెల్లేవి! కళ్లు మూతలు పడేవాడి కోసమే రాసినట్టున్న ఈ నిబంధన, ఆ పూట వాడికే అక్కరకు రాలేదు.

బొటనవేలు సిరాలో ముంచారు. మన దగ్గరలా గీత గీసి వదలరు, గోరంతా నీలమే. రాత్రి క్లబ్బువాడు మణికట్టు మీద కొట్టిన ముద్ర సబ్బుకు పోయింది, ఇది అసిటోన్‌కూ లొంగలేదు.

ఇంత తంటాలు పడి గెలిపించిన 128 మంది ఎంపీలూ ఆ సెప్టెంబరు 29న దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. జాబితాల్లేవు, మొహాల్లేవు, కాగితం మీద ఒక్క పేరు రాస్తే చాలు. 63 మంది ఖాళీ కాగితం వేశారు. వాళ్లు ముందు రోజు రాత్రి ఏ బారులో ఉన్నారో మరి.