సర్వర్‌ను తిట్టే ముందు రూటర్‌ను చూడండి

ముంగారు ముందర సబ్సిడీ వేరుశనగ విత్తనం పంచే రోజుల్లో ఉరవకొండ, కళ్యాణదుర్గం, పత్తికొండ వైపు ఏ కౌంటర్‌కు వెళ్లినా ‘సర్వర్ డౌన్’ అన్న మాట వినబడుతుంది. ఒక్కోసారి అది నిజమే. కానీ చాలాసార్లు పక్క గదిలో ఎవరో స్కాన్ కాపీలు ఎక్కిస్తుంటారు, లేదా ఏదో ఒక సిస్టమ్ చెప్పాపెట్టకుండా విండోస్ అప్‌డేట్ దించుకుంటుంటుంది. విత్తనం ఇచ్చే ముందు రైతు ఆధార్ వేలిముద్ర తనిఖీకి వెళ్లే డేటా కొన్ని కిలోబైట్లే. అది వెంటనే వెళ్లి రావాలి, అంతే. ఆదోని యార్డులో ఒక్క సంతకం కోసం వచ్చినవాడు వంద బస్తాలు తూకం వేయించుకునేవాడి వెనక నిలబడ్డట్టు, ఆ చిన్న డేటా ముక్క (ప్యాకెట్) పెద్ద ఫైళ్ల వెనక ఇరుక్కుపోతుంది. అప్‌లోడ్ సంగతి పట్టించుకోకుండా 30 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 100కు మార్చినంత మాత్రాన ఆ ఇరుకు తీరదు.

జబ్బు ఎక్కడుందో తేల్చడానికి పది నిమిషాలు చాలు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ping -t 8.8.8.8’ నడపండి. గూగుల్ సర్వర్‌కు ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతోందో అది చూపిస్తుంది. ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు 20, 30 మిల్లీసెకన్లు చూపించి, ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టగానే 500 దాటిందంటే లైన్‌లో క్యూ పేరుకుంటోందన్నమాట. రూటర్‌ను పింగ్ చేసినా అంకె ఎగిరిపడుతుంటే అది వైఫై లోపం. కౌంటర్ సిస్టమ్‌కు ల్యాన్ కేబుల్ లాగితే పోతుంది. ఇక ఆధార్ తనిఖీలో 300 ఎర్రర్ వస్తే నెట్‌ను అనొద్దు. వేలిముద్ర సరిపోలలేదని అవతలి నుంచి జవాబు వచ్చినట్టే. సేద్యంతో అరిగిన వేళ్లకు ఏ ప్లానూ మందు కాదు. వేరే వేలు పెట్టించి చూడాలి.

డేటా ఎవరు తింటున్నారో చూస్తే ముందుగా దొరికేది సీసీ కెమెరా. క్లౌడ్‌కు రికార్డయ్యే ఒక కెమెరా సుమారు 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లాగుతుందనుకుందాం. రోజుకు 21.6 జీబీ. నాలుగైతే 86 జీబీ, అదీ రాత్రింబవళ్లు. రికార్డింగ్ ఆఫీసులోని రికార్డర్ పెట్టె (డీవీఆర్)లోనే ఉంచి, బయటి నుంచి చూడాలనుకున్నప్పుడు సబ్‌స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) వాడితే ఈ భారమంతా దిగిపోతుంది. తర్వాతిది స్కానర్. ఏ4 కాగితాన్ని 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) స్పష్టతలో, కలర్‌లో, కుదించకుండా దాచితే ఒక్క పేజీ 26 ఎంబీ. 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద అది వంద సెకన్లకు పైగా పడుతుంది. అదే పేజీని 200 డీపీఐలో, రంగుల్లేని గ్రేలో, కుదించిన జేపీఈజీగా పెడితే సాధారణంగా మూడు, నాలుగు వందల కిలోబైట్లు, రెండు సెకన్ల లోపు పని. పాసుపుస్తకం నకలుకు ఇంద్రధనుస్సు రంగులెందుకు?

విండోస్‌లో కనెక్షన్‌ను ‘మీటర్డ్’గా (డేటాను పొదుపుగా వాడేలా) పెట్టండి. అప్‌డేట్లు పంచుకునే సెట్టింగ్ అయిన డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ‘లోకల్ నెట్‌వర్క్’ మాత్రమే ఎంచుకుంటే ఒక సిస్టమ్ దించుకున్న అప్‌డేట్‌ను మిగతావి దాని దగ్గరే తీసుకోగలవు. ‘మీటర్డ్’ పెట్టి మర్చిపోతే సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా వెనకబడవచ్చు కాబట్టి వారానికొక సాయంత్రం తీసేసి అన్నీ దించుకోవాలి. సిబ్బంది ఫోన్లకు విడిగా గెస్ట్ వైఫై ఇచ్చి 2 ఎంబీపీఎస్ హద్దు పెడితే గొడవ ఉండదు.

అసలు మందు రూటర్‌లోనే ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్) నడిచే రూటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూను అదుపు చేసే సౌకర్యం) పెట్టి, అందులో ‘కేక్’ అనే పద్ధతి ఎంచుకుని, రద్దీ వేళ కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతం అంకెను హద్దుగా ఇవ్వాలి. అప్‌లోడ్‌కు, డౌన్‌లోడ్‌కు వేర్వేరుగా. ఉన్న వేగాన్ని మనమే ఎందుకు తగ్గించుకోవాలని అడిగేవాళ్లుంటారు. లైన్ నిండితే క్యూ మోడెమ్‌లోనో ప్రొవైడర్ దగ్గరో పేరుకుంటుంది, అక్కడ మన మాట చెల్లదు. కాస్త తగ్గిస్తే క్యూ మన రూటర్‌లోకే వస్తుంది. అప్పుడు అది పెద్ద ఫైల్‌ను ఆపి చిన్న ప్యాకెట్‌ను ముందు పంపగలదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నెల కోటా అయిపోయాక కొన్ని ప్లాన్లలో వేగం 2 లేదా 4 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. రూటర్‌లో మాత్రం మనం ముందు పెట్టిన హద్దు 25 అనే ఉంటుంది. హద్దు కంటే లైనే చిన్నదైతే ఎస్‌క్యూఎం ఉన్నా లేనట్టే. నెలాఖరున మళ్లీ కొలిచి అంకె మార్చాలి. సిమ్‌తో నడిచే 4జీ డాంగిల్‌కు మారినప్పుడూ అంతే.

ఆ అంకె మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి కదా. కేబుల్ ఆపరేటర్ బిగించిన పెట్టె (మోడెమ్) పాస్‌వర్డ్ సాధారణంగా ఆయన దగ్గరే ఉంటుంది. కార్యాలయాలకు పెద్ద ప్లాన్లు మంజూరు చేసే అధికారులు ముందు ఆ పెట్టె వెనక ఒక సొంత రూటర్ పెట్టించి, దాని పాస్‌వర్డ్‌ను ఆఫీసులో కంప్యూటర్ పనులు చూసే డిజిటల్ అసిస్టెంట్ చేతికివ్వాలి. పెట్టెలోని వైఫై ఆపేయించాలి. లేకపోతే ఫోన్లన్నీ రూటర్‌ను తప్పించుకుని నేరుగా దానికే తగులుకుంటాయి.