సంక్రాంతి 2025: మా ఇంట్లో గెలిచింది వెంకటేశే

జనవరి 10న 'గేమ్ ఛేంజర్', 12న 'డాకు మహారాజ్', 14న 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చాయి. ఈ మూడు సంక్రాంతి సినిమాల్లో ఏది గెలిచిందని నేను చదివిన ఒక వ్యాసంలో పాఠకులను అడిగారు. మూడూ థియేటర్లోనే చూశాను కాబట్టి చెబుతున్నాను.

'సంక్రాంతికి వస్తున్నాం' చూస్తూ మా అమ్మ నవ్వినట్టు హాల్లో అంత హాయిగా నవ్వడం చూసి చాలా ఏళ్లయింది. వెంకటేశ్, ఐశ్వర్యా రాజేశ్ మధ్య సన్నివేశాల్లో పక్క వరుసలోని పెద్దవాళ్లు కూడా తమ ఇంటి గొడవే అన్నట్టు మాట్లాడుకున్నారు. భాగ్యలక్ష్మి పాత్రను ఐశ్వర్య ఎంత సహజంగా చేసిందో! 'గోదారి గట్టు మీద' పాటలో రమణ గోగుల గొంతు మళ్లీ వినబడగానే నాకు కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. ఒక్కటే బాధ. అందులో చిన్నపిల్లాడైన బుల్లిరాజు చేత అన్ని బూతులు పలికించకుండా ఉండాల్సింది. పిల్లలు ఇంటికొచ్చి అవే మాటలు అంటున్నారు.

'డాకు మహారాజ్'లో విజయ్ కార్తీక్ కణ్ణన్ కెమెరా పనితనం కోసమైనా పెద్ద తెర మీద చూడాలి. ఆ ఎడారి, ఆ దుమ్ము, తమన్ నేపథ్య సంగీతం కలిసి ఒళ్లు జలదరించింది. రెండో సగం కాస్త సాగింది.

'గేమ్ ఛేంజర్' మీద దర్శకుడు శంకర్ అభిమానిగా పెట్టుకున్న ఆశ తీరలేదు. అయినా నత్తితో మాట్లాడే అప్పన్నగా రామ్ చరణ్, పార్వతిగా అంజలి కనిపించినంతసేపూ నేను కళ్లు తిప్పలేదు. ఆ అప్పన్న కథనే పూర్తి సినిమాగా తీసి ఉంటే మళ్లీ టికెట్ కొనేవాణ్ణి.