ఆదాయం 20,000, వ్యయం సున్నా

మార్చి 26, సాయంత్రం నాలుగున్నర. చెన్నైలో ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా వీపుకి అంటుకుపోయే రోజులు మొదలైపోయాయి. ఓపీ ముగించుకుని ల్యాబ్‌కి వచ్చి ట్యూబుల మీద నెంబర్లు రాసుకుంటుంటే అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోను. "డాక్టర్, మీ కంటింజెన్సీలో 17,240 అలాగే ఉంది. 31 లోపు ఖర్చు పెట్టేయండి, లేకపోతే వెనక్కి పోతుంది." ఏడాది పొడవునా నేను పట్టుకెళ్ళిన ప్రతి బిల్లునీ తిప్పి పంపిన గొంతే అది, ఇప్పుడు ఎంత ఆప్యాయతో! పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతికి వచ్చి, వంటకాలు మిగిలిపోతాయన్న భయంతో "ఇంకో రెండు బూరెలు వేయించుకోండి" అని బతిమాలే మేనమామ గుర్తొచ్చాడు.

అందుకే, నా వెనకాల ఈ దారిన రాబోయే తమ్ముళ్ళ, చెల్లెళ్ళ క్షేమం కోరి, ఫెలోషిప్ అలవెన్సు ఎలా ఖర్చు పెట్టాలన్న విషయం మీద నా అనుభవసారాన్ని ఇక్కడ పెడుతున్నాను.

ముందు నా పరిచయం. ఎండీ పూర్తయ్యాక బుద్ధి పుట్టి పీహెచ్‌డీలో చేరిన డాక్టరుని. ఇలాంటివాళ్ళని ఫిజీషియన్ సైంటిస్టులు అంటారు. మా తెనాలి వైపు రెంటికీ చెడ్డ రేవడి అంటారు. నాతోపాటు ఎండీ చేసినవాళ్ళు కార్పొరేట్ ఆసుపత్రుల్లో కన్సల్టెంట్లయి ఈఎంఐల మీద కార్లు కొంటుంటే, నాకు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకి 37,000, పైన ఇంటద్దె భత్యం. ఇది కూడా 2023 జనవరి నుంచే, అంతకుముందు 31,000. ఇవి కాక కంటింజెన్సీ అని ఏడాదికి 20,000. ఈ వ్యాసమంతా ఆ ఇరవై వేల గురించే.

ఆ మాటకి అర్థం నాకు మా అమ్మ చెప్పింది.

"ఏరా, నెల డబ్బులు కాకుండా ఇంకో ఇరవై వేలు ఇస్తారన్నావు, అదేంటి?"

"కంటింజెన్సీ అమ్మా. అనుకోని ఖర్చులొస్తే వాడుకోడానికి."

"మరి వాడుకో."

"ఊరికే వాడుకోనివ్వరు. మూడు కొటేషన్లు తేవాలి, మా గైడు సంతకం, హెచ్‌ఓడీ సంతకం, పైనుంచి శాంక్షను, అవన్నీ అయ్యాక అప్పుడు కొనాలి."

అవతల కాసేపు మాట లేదు. "అనుకోని ఖర్చుకి ముందే మూడు కొటేషన్లు ఎలా తెస్తావురా?"

మా అమ్మ పదో తరగతి వరకే చదివింది. ఆవిడలాంటివాళ్ళని ఫైనాన్స్ కమిటీల్లో ఎందుకు వేయరో నాకు ఆ రోజు అర్థమైంది.

సరే, కాగితం మీద చూస్తే ఈ డబ్బుతో కెమికల్సు, పుస్తకాలు, స్టేషనరీ, ఫీల్డు పని, రీసెర్చి కోసం చేసే ప్రయాణాలు, అన్నీ కుదురుతాయి. కుదరనిది మేమే. ఎలాగంటారా, జూన్‌లో నాకు ల్యాబ్‌లోకి గ్లవ్స్ కావాల్సొచ్చాయి, ఇండెంటు, అంటే ఫలానాది కావాలని రాసిచ్చే కాగితం, పెట్టాను. "గ్లవ్స్ ఆసుపత్రి సామాను కదా, మీరు డాక్టరే కదా, ఆసుపత్రి స్టోర్స్‌లో తీసుకోండి" అన్నారు. ఆసుపత్రి స్టోర్స్‌కి వెళ్ళాను. "మీకు ఈ నెల వార్డు డ్యూటీ లేదు కదా, మీరు రీసెర్చివాళ్ళు, మీ ల్యాబ్‌లో అడగండి" అన్నారు. రెండు చోట్లా చెప్పింది నిజమే, అదీ విశేషం. మూడు వారాలు నా చేతులు ఏ శాఖకి చెందుతాయో తేలలేదు. చివరికి హాస్టలు ఎదురుగా ఉన్న మందుల షాపులో సొంత డబ్బుతో ఒక డబ్బా కొనుక్కున్నాను, ఆ షాపాయన బిల్లు కావాలా అని అడిగితే ఎందుకో నవ్వొచ్చింది.

స్టెతస్కోపు సంగతి ఇంకా ముచ్చటైనది. పాతది చెవుల దగ్గర చిరిగిపోయింది, నా స్టడీలో రోగులని నేనే పరీక్ష చేయాలి కాబట్టి కొత్తదానికి కంటింజెన్సీలో ఇండెంటు పెట్టుకోవచ్చనుకున్నాను. ఫైలు మీద ఎర్ర సిరాతో ప్రశ్న వచ్చింది: "పరిశోధనకు ఈ పరికరం ఆవశ్యకత ఏమిటి? ఫెలోషిప్ ముగిసిన పిమ్మట తిరిగి అప్పగిస్తారా?" అప్పగిస్తాననే రాశాను. అప్పగించాల్సిన వస్తువైతే అది పరికరాల హెడ్డు, అంటే ఆ పేరుతో ఉన్న ఖర్చు పద్దు, కింద పడుతుందట, కంటింజెన్సీలో పరికరాలు కుదరవట. అప్పగించనని రాసుంటే సొంత వాడకం కింద కొట్టేసేవారు.

అందువల్ల కొత్తగా చేరేవాళ్ళకి నా మొదటి సలహా: పెన్‌డ్రైవ్ కొనండి. ఏ ఆడిటరూ ఈ రోజు వరకు పెన్‌డ్రైవ్‌ని ఆపినట్టు నేను వినలేదు. అది పరికరమా, స్టేషనరీయా, మందా అని ఎవరికీ సందేహం రాదు. నా దగ్గర ఇప్పుడు పదకొండు ఉన్నాయి, వాటిలో పెట్టడానికి డేటా మాత్రం లేదు, ఎందుకంటే డేటా రావాలంటే కెమికల్సు రావాలి. పెన్‌డ్రైవులని కూడా ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి బేరమాడి కొంటే పనికిరాదు సుమా, అప్రూవ్డ్ వెండరు దగ్గరే కొనాలి. ఆయన కూడా రిచీ స్ట్రీట్‌లోనే కొని, మధ్యలో రెండు వందలు కలుపుకుని మనకి పంపిస్తాడు. దాన్నే పారదర్శకత అంటారు.

కెమికల్సు గురించి చెప్పాలంటే 2024 జులై గుర్తొస్తుంది. ఆ నెల 23న బడ్జెట్‌లో ల్యాబొరేటరీ కెమికల్స్ మీద దిగుమతి సుంకం 10 శాతం నుంచి 150 శాతానికి పెంచారు. మా ల్యాబ్‌లో ఆ వారం ఎవరూ మైక్రోపిపెట్‌తో తప్పుగా ఒక్క చుక్క కూడా తీయలేదు, దేవుడి ముందు తీర్థం పుచ్చుకున్నట్టు తీశాం. ఆగస్టు 1కల్లా మళ్ళీ 10కి దించారు. నా ఇండెంటు మాత్రం ఆ పది రోజుల్లో కదలనే లేదు కాబట్టి పెరిగిన ధరా నన్ను తాకలేదు, తగ్గిన ధరా తాకలేదు. మా ఫైలు ఎంత స్థితప్రజ్ఞుడో చూడండి.

ప్రయాణాలు. విజయవాడలో కాన్ఫరెన్సుకి పోస్టరు పట్టుకుని పినాకినిలో వెళ్ళొచ్చాను, రైలు టికెట్టుకి పేచీ లేదు. స్టేషనుకి వెళ్ళిన ఆటోకి రసీదు అడిగారు. చెన్నైలో ఆటో అతను మీటరు వేయడమే గొప్ప, ఇక రసీదంటే ఏమనుకుంటాడు? అడిగి చూశాను. అతను నన్ను జాలిగా చూసి పది రూపాయలు తగ్గించుకున్నాడు. ఇక ప్రభుత్వ సొమ్ముతో విమానం ఎక్కాలంటే టికెట్టు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడు ఏజెన్సీల్లోనే కొనాలి, బోర్డింగ్ పాసు దాచుకోవాలి. మనం ఆకాశంలోకి వెళ్ళి మళ్ళీ దిగాం అనడానికి మనం ఎదురుగా నిలబడి ఉండటం సాక్ష్యం కాదు.

పరిశోధన పేపర్ల మాట ఎత్తను. ఎత్తాక తప్పదు. ఒక పెద్ద సైన్సు పత్రికలో, 'నేచర్'లో, మన పేపరు అందరూ ఉచితంగా చదువుకునేలా వేయించుకోవాలంటే 2021లో ఆ పద్ధతి మొదలెట్టినప్పుడు పెట్టిన రుసుము 9,500 యూరోలు. నా కంటింజెన్సీ మొత్తం, పెన్‌డ్రైవులు మానేసి, గ్లవ్స్ లేకుండా, ఏటా దాచుకుంటూ పోతే నలభై ఏళ్ళకి పైగా పడుతుంది. అప్పటికి నేను రిటైరై ఉంటాను, ఆ పేపరు చదవడానికి కళ్ళజోడు కావాలి, దానికేమో శాంక్షను రాదు.

ఇదంతా మన దేశం గోల అనుకోకండి. మా పెద్దమ్మ కొడుకు బోస్టన్‌లో ఎండీ-పీహెచ్‌డీ చేస్తున్నాడు, వాళ్ళకి ప్రభుత్వం వాళ్ళ ఎఫ్-30 అనే ఫెలోషిప్ ఉంది. స్టైపెండు వేరు, ఇన్‌స్టిట్యూషనల్ అలవెన్సు అని ఇంకోటి వేరు. వినడానికి బాగుంది కదా, పేరులోనే ఉంది చూడండి, అది వీడిది కాదు, ఇన్‌స్టిట్యూషన్‌ది. హెల్త్ ఇన్సూరెన్సు అందులోంచే లాగేసి, మిగిలిన దాంతో కాన్ఫరెన్సుకి వెళ్ళు, సామాను కొనుక్కో అంటారు. మొన్న ఫోన్ చేసి "ఏం కొనమంటావు అన్నయ్యా, ఏడాది అయిపోతోంది" అన్నాడు. సముద్రాలు దాటినా మార్చి 31 మార్చి 31యే. 2021 నుంచి వాళ్ళకి పిల్లల సంరక్షణకి కూడా డబ్బు మొదలెట్టారు, మొదట్లో ఏటా 2,500 డాలర్లు. కాకపోతే లైసెన్సు ఉన్న కేంద్రంలో చూసుకుంటేనే. అమెరికాలో తెలుగువాళ్ళ పసిపిల్లల్ని సాకే అసలు సంస్థ ఆరు నెలల వీసా మీద వెళ్ళే అమ్మమ్మ అని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. ఆవకాయ జాడీతో సహా దిగే ఆ మనిషికి లైసెన్సు లేదు, రసీదు పుస్తకం లేదు, జీతం అంతకన్నా లేదు. మావాడికి ఇంకా పెళ్ళే కాలేదు కాబట్టి ఆ హెడ్డు ఖాళీగా ఉంది. వాళ్ళమ్మ దాన్ని సంబంధాలు చూడటానికి ఒక కారణంగా వాడుతోంది.

పరిశోధక వైద్యులకి మన సమాజంలో కాలపరీక్షకి నిలబడ్డ ఫెలోషిప్ ఒక్కటే ఉంది, మామగారు. నవ్వకండి. ఈ చెన్నైలోనే, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో బోస్టన్ పడవెక్కింది మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ చారిటీస్ వాళ్ళ ధర్మంతో. అక్కడికెళ్ళాక ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగే పని కూడా చేశారు. 1925లో అక్కడి బయోకెమిస్టు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాస్తే, దాన్ని ఎన్నో తరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులు చేశారు, నేనూ చేశాను. ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టానని రాసిచ్చే యూటిలైజేషన్ సర్టిఫికెట్ ఆయన దగ్గర ఎవరడిగారో నాకు తెలీదు గానీ, మామగారి ఫెలోషిప్‌లో కూడా ఆడిట్ ఉంటుందని మా సీనియరు చెప్పాడు. ప్రతి సంక్రాంతికీ, గారెలు వడ్డించాక: "ఇంకా ఎన్నాళ్ళు చదువుతారు అల్లుడుగారూ?"

ఇక అసలు బాధ. నా స్టడీకి రోగులు మూడు నెలలకోసారి వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళాలి. సగంమంది మనవాళ్ళే, నాయుడుపేట, సూళ్ళూరుపేట, గూడూరు నుంచి వస్తారు. జబ్బు తగ్గాక కూడా నా కోసం ఒక రోజు కూలి వదులుకుని రావాలంటే కనీసం దారి ఖర్చులైనా ఇవ్వాలి కదా. గూడూరు పెద్దాయనకి రానూపోనూ రెండు వందలు ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని అకౌంట్స్‌కి పట్టుకెళ్ళాను. వేలిముద్ర చాలదు, రెవెన్యూ స్టాంపు అంటించమన్నారు. 5,000 దాటిన రసీదుకే కదండీ స్టాంపు అన్నాను. చట్టం సంగతి చట్టానిది, ఫైలు సంగతి ఫైలుది అన్నారు. అంటించాను. తర్వాత ఆయన వెండరుగా రిజిస్టరు అయి ఉన్నాడా అన్నారు.

మలేరియా దోమల వల్ల వస్తుందని తేల్చిన రొనాల్డ్ రాస్ గుర్తొచ్చాడు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ దోమల్లోనే మలేరియా గుట్టు దొరికింది, 1902లో నోబెల్ వచ్చింది. ఆ అణాల వోచరు మా సెక్షన్‌కి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఇంకో ఇద్దరు రోగుల కొటేషన్లు ఏవి? తక్కువ రేటుకి కుట్టించుకునేవాడు దొరకలేదని సర్టిఫికెట్ ఏది? దోమలు వాడితే అయిపోయే కన్స్యూమబులా, ఆస్తా? ఆస్తి అయితే స్టాకు రిజిస్టర్లో ఎక్కించి, కోసి చూసే ముందు ఇక పనికిరాదని కండెమ్ చేయించాలి కదా? రాస్ ఇంకా ఆ బారు చివర నిలబడి ఉండేవాడు, దోమలు మన్ని హాయిగా కుడుతూ ఉండేవి.

మొత్తానికి ఆ 17,240తో 31వ తేదీ సాయంత్రం ఆరింటికి ప్రింటరు టోనర్లు, ఏ-4 కాగితం రీములు వచ్చాయి. ఆ టోనరు సరిపోయే ప్రింటరు మా డిపార్ట్‌మెంటులో పోయినేడే కండెమ్ అయింది. అయినా లెక్క చుక్క తేడా లేకుండా జీఎఫ్ఆర్ 12-ఏ అనే యూటిలైజేషన్ సర్టిఫికెట్ ఫారంలో కూర్చుంది, అందరం సంతోషించాం. ఉగాదికి అమ్మ ఫోన్లో పంచాంగం చదివి నా రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చెబుతుంటే నేనే అడ్డుపడి చెప్పాను: ఆదాయం 20,000, వ్యయం సున్నా, రాజపూజ్యం సున్నా, అవమానం వోచరుకి ఒకటి.

ఏప్రిల్‌లో గూడూరు పెద్దాయన మళ్ళీ వచ్చాడు. నేను అకౌంట్స్ కౌంటరు దగ్గర ఆయనకిచ్చిన పాత రెండు వందల కోసం ఇంకా వాదిస్తుంటే వెనకాల నిలబడి అంతా విన్నాడు. "ఈ రెండొందలకి ఇంత తిరగడమెందుకు డాక్టరు బాబూ, కావాలంటే నేనే ఇస్తాను" అని జేబులో చెయ్యి పెట్టాడు. వద్దంటే వినలేదు, ఆఖరికి సంచిలోంచి నిమ్మకాయలు తీసి నా చేతిలో పోశాడు, గూడూరు నిమ్మకాయలు, ఒక్కోటి పచ్చగా, పసుపు తిరుగుతూ. అవి ఏ హెడ్డు కింద చూపించాలా అని నేను ఆలోచిస్తుండగా కౌంటరు కన్నంలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఆరు తీసుకుంది.

బిల్లు అడగలేదు.