ముందు చక్రాల సహాయ నిరాకరణ

పాత జీపులో, వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలనూ ఇంజన్‌తో తిప్పించే ఫోర్ వీల్ డ్రైవ్ చెడిపోయిందన్న సంగతి అది అవసరమైన రోజునే బయటపడుతుంది. తక్కిన రోజుల్లో, గేరు కడ్డీ పక్కన దాన్ని వేయడానికుండే ఆ రెండో లివరు డ్రైవరు మోకాలికి తగిలే ఇనుప కడ్డీ మాత్రమే. మా బాబాయి జీపు, చింతపల్లి అవతల కాఫీ తోటకు సిల్వర్ ఓక్ మొక్కలు మోసుకుపోతూ శ్రావణమాసపు వానలో ఒక మట్టిదారిలో దిగబడినప్పుడు, డ్రైవరు అప్పలరాజు ఆ కడ్డీని ఎంతో భక్తితో లాగాడు. వెనక చక్రాలు విరగబడి తిరిగి, తోయడానికి నిలబడిన వారందరికీ సమానంగా బురద పంచిపెట్టాయి గాని, ముందు చక్రాలు మాత్రం చుట్టపుచూపుగా వచ్చిన పెళ్లికొడుకు మేనమామల్లా కదలక మెదలక కూర్చున్నాయి.

బండి ఆగితే వైద్యులకు కొదవుండదు. క్లచ్ ప్లేటు అరిగిపోయిందని ఒకాయన తీర్పు చెప్పాడు; క్లచ్చే లేకపోతే వెనక చక్రాలు ఆయన పంచెను ఆ రంగులోకి ఎలా మార్చాయో ఆయన ఆలోచించలేదు. ఇంజన్‌లో సత్తువ లేదని పెదనాన్న అన్నారు. చివరికి ఒక ట్రాక్టరు వచ్చి, ఏ అభిప్రాయమూ వెలిబుచ్చకుండా, జీపును బయటికి లాగింది.

షెడ్డులో మేస్త్రీ స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకుని, కొసను, ఇంజన్ బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అనే గేర్ల పెట్టె మీద పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. “లోపల పళ్లు పోయాయి బాబుగారూ, దింపాల్సిందే” అన్నాడు. దింపాడు. గోనెపట్టా మీద పరిచిన గేర్లన్నింటికీ పళ్లు నిక్షేపంగా ఉన్నాయి. దానితో అనుమానం ఇరుసును తిప్పే పళ్లచక్రాల జత, క్రౌన్ పినియన్ మీదికి మళ్లింది. ఖరీదైన భాగం నుంచి వెతకడం మొదలుపెట్టి చవకైన దాని వైపు రావడం మన షెడ్లలో ఒక సంప్రదాయం.

అంతా తిరిగి బిగించాక ముందు భాగాన్ని జాకీల మీద లేపి ఉంచగా, పానాలు అందించే కుర్రాడు, ఎవరూ అడగకుండానే, కిందికి దూరి, ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు ఇరుసుకు తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో తిప్పి చూశాడు. షాఫ్టు తిరుగుతోంది, లోపల ఏదో గిరగిర తిరుగుతున్న చప్పుడు కూడా వస్తోంది, రెండు చక్రాల్లో ఒక్కటీ కదలడం లేదు. కుర్రాడు కిరసనాయిలు గుడ్డతో ఎడమ చక్రం మధ్యనుండే హబ్బును తుడవడం మొదలుపెట్టాడు.

రెండో ప్రపంచ యుద్ధకాలపు జీపులకు ఇలా మీట ఉన్న హబ్బులు లేవు. ముందు ఇరుసు ఎప్పుడూ చక్రాలతో పాటే తిరిగేది. 1948లో అమెరికాలో వార్న్ అనే సంస్థ, మంచి రోడ్డు మీద ముందు ఇరుసుకు విశ్రాంతి ఇచ్చేందుకు, చక్రం మధ్యలో వేళ్లతో తిప్పే మీట గల హబ్బులను చేయడం మొదలుపెట్టింది. మీట ‘లాక్’ వైపు ఉంటే చక్రం ఇరుసుతో కలుస్తుంది, ‘ఫ్రీ’ వైపు ఉంటే విడిపోతుంది. రెండింటిలో ఒక్కటి ఫ్రీలో ఉండిపోయినా, ఇరుసు మధ్య నుంచి రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ తన శ్రమనంతా అడ్డులేని ఆ పక్కకే ధారపోస్తుంది కనుక, లాక్ అయిన రెండో చక్రానికి కూడా ఏమీ దక్కదు.

మా పిన్ని ప్రతి విజయదశమికీ జీపుకు పూజ చేసి, బొట్టు పెట్టడానికి అనువుగా కనిపించిన ఆ గుండ్రటి మీట మీదే పసుపు మెత్తి కుంకుమ అద్దుతూ వచ్చింది. ఏళ్ల తరబడి పొర మీద పొర గట్టిపడి అక్షరాలు మూసుకుపోయాయి, మీట బిగుసుకుపోయింది. ఆనాడు వానలో దిగి అప్పలరాజు రెండు హబ్బులూ తిప్పిన మాట నిజమే. కుడివైపుది తిరిగింది. ఎడమవైపు కూడా ఏదో తిరిగిందన్న తృప్తితో అతను బండెక్కాడు; తిరిగింది అతని మణికట్టు. సంగతి విన్న పిన్ని, “ఇన్నేళ్లూ ఏ ప్రమాదమూ జరగలేదంటే ఆ బొట్టు చలవే” అంది. దానికి షెడ్డులో ఎవరి దగ్గరా జవాబు లేదు.

రోగం కుదిరిన ఆనందంలో బాబాయి, వాన వెలిసి తారు ఆరిన లంబసింగి ఘాట్ దారంతా ఫోర్ వీల్‌లోనే నడిపించారు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు నడుస్తాయి. ఈ పాత ట్రాన్స్‌ఫర్ కేసులో ఆ తేడాను సర్దే ఏర్పాటు లేదు. బురదలో చక్రం జారి సర్దుకుంటుంది, పొడి తారు మీద ఆ బిగువంతా గేర్ల మధ్యే పేరుకుపోతుంది. ఇల్లు చేరాక లివరు వెనక్కి రానని భీష్మించింది. కబురందుకుని వచ్చిన మేస్త్రీ ఒక్కసారి లాగి చూసి, “మళ్లీ దింపాలి బాబుగారూ” అన్నాడు. వెంట వచ్చిన కుర్రాడు సీటెక్కి, స్టీరింగు నిటారుగా పట్టి, జీపును నాలుగు గజాలు వెనక్కి నడపగానే లివరు టక్కున ఊడివచ్చింది. మేస్త్రీ ఏమాత్రం తొణకకుండా జేబులోంచి చిట్టా తీసి, ట్రాన్స్‌ఫర్ కేసు దింపుడు కూలి కింద ‘రివర్స్ పని’ అని కొత్త పద్దు రాసుకున్నాడు.