ఇంటి కంప్యూటర్‌లో హాజరు పట్టీ తనిఖీ

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగ జీవితంలో ఈ వ్యాసకర్త తన సంతకం లేకుండా ఒక్క మనిషి పేరునైనా హాజరు పట్టీలోకి ఎక్కనివ్వలేదు. అటువంటి నేను పదవీ విరమణ సొమ్ములో కొంత తీసి కొనుక్కున్న కంప్యూటర్‌లో, నా ఇంట్లో, నా కరెంటు వాడుకుంటూ, ముక్కూ మొహం తెలియని 182 మంది పనిచేస్తున్నారన్న సంగతి కొన్న మూడేళ్లకు గానీ బయటపడలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒక్కసారిగా నొక్కితే, లోపల నడుస్తున్న ప్రోగ్రాములన్నిటి జాబితా చూపే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుందని మా మేనల్లుడు ఫోన్‌లో ఏదో మాటల సందర్భంలో చెప్పాడు. ఈ వ్యవహారం మొత్తంలో ఆ పిల్లవాడు చేసిన తప్పు అదొక్కటే.

అప్పటికి నేను తెరిచి ఉంచినవి రెండే కిటికీలు. ఒకదానిలో దినపత్రిక, రెండవదానిలో పెన్షనర్ల సంఘం తరఫున నేను తయారుచేస్తున్న వినతిపత్రం. తక్కిన 180 మందిని ఎవరు నియమించారు, ఏ జీవో కింద నియమించారు, వారి సర్వీసు పుస్తకాలు ఎక్కడున్నాయి అన్న ప్రశ్నలు సహజంగానే తలెత్తాయి. టాస్క్ మేనేజర్‌ను డేవ్ ప్లమ్మర్ అనే ఇంజనీరు రాశాడనీ, అది 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో పాటు వచ్చిందనీ తరువాత తెలుసుకున్నాను. మన దేశ పౌరుడికి సమాచార హక్కు చట్టం 2005లో గానీ రాలేదు; కంప్యూటర్ యజమానికి ఆ హక్కు తొమ్మిదేళ్లు ముందే దక్కిందన్నమాట. అయితే రెండింటిలోనూ ఉన్న ఇబ్బంది ఒకటే: అడిగిన సమాచారం అక్షరం పొల్లుపోకుండా ఇస్తారు, అది అర్థం కావాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు.

తనిఖీ చేసే ఏ అధికారి అయినా ముందుగా ఎక్కువ ఖర్చు ఎవరి పద్దులో ఉందో చూస్తాడు. డీటెయిల్స్ అనే పుటలో సీపీయూ, అంటే ప్రాసెసర్ వాడకం, అన్న నిలువు వరుసను పెద్ద అంకె పైకి వచ్చేలా పేర్పించాను. మొదటి వరుసలో దొంగ దొరికాడు. పేరు సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్, గుర్తింపు సంఖ్య సున్నా, వినియోగం 97 శాతం. ఐడిల్ అంటే సోమరి అని నిఘంటువు చూడకుండానే చెప్పగలను. పేరులోనే సోమరితనం పెట్టుకుని, యంత్రం మొత్తాన్ని నూటికి 97 పాళ్లు మింగుతున్న ఈ శాల్తీని ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోకపోవడం ఏమిటని మండిపడి, ఎండ్ టాస్క్ నొక్కాను. కదలలేదు. మళ్లీ నొక్కాను. పైస్థాయిలో అండదండలు ఉన్నవాడేనని నిర్ధారించుకుని మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మావయ్యా, అది పని కాదండీ, ఖాళీ. 97 శాతం ఖాళీగా ఉందని చెబుతోంది, అంతే. దాన్ని తీసేస్తే మిగిలేది 3 శాతం పని."

ఖాళీని కూడా ఒక ఉద్యోగిగా చూపించి, దానికో సంఖ్య కేటాయించి, పద్దు రాసే సంప్రదాయం మా శాఖలో తప్ప మరెక్కడా లేదని ఇంతకాలం అనుకున్నాను. ప్రాసెసర్‌లో ఎన్ని లాజికల్ భాగాలు ఉంటే అన్ని పోగులుగా, భాగానికొకటి చొప్పున, ఈ ఐడిల్ ప్రాసెస్ ఉంటుందట. ఎవరికీ పని లేనప్పుడు అది ముందుకు వచ్చి, మరొకరు పిలిచేవరకు కునుకు తీయమని ప్రాసెసర్‌కు చెబుతుందట. అంటే కంప్యూటర్‌ను చల్లగా ఉంచుతూ, కరెంటు ఆదా చేస్తున్న ఏకైక ఉద్యోగి మీద నేను రెండుసార్లు వేటు వేయబోయాను.

ఆ అవమానం మీద రెండవ విడత తనిఖీ ఆరంభించాను. ఈసారి కంటపడింది సర్వీస్ హోస్ట్ అనే పేరు. ఒకటి కాదు, రెండు కాదు, వేలు మడిచి లెక్కపెడితే 74. ఒకే పేరుతో 74 మంది జీతం తీసుకుంటున్నారంటే దానిని దొంగ మస్టర్ అంటారని ఏ ఆడిట్ పార్టీని అడిగినా చెబుతుంది. అనుభవమున్న అధికారిగా ఆలస్యం చేయకుండా వరుసగా తొలగింపు ఉత్తర్వులు జారీ చేశాను. మొదటివాడు పోయినట్టే పోయి మళ్లీ కనిపించాడు. రెండవవాడితో పాటు స్పీకర్ శబ్దం పోయింది. మూడవవాడి పేరు చివర డీకామ్ సర్వర్ ప్రాసెస్ లాంచర్ అని ఉంది. దానిని నొక్కేసరికి విండోస్ నిష్క్రమించవచ్చునని, దాచుకోనిదంతా పోతుందని, గడిలో టిక్కు పెట్టి మరీ ఒప్పుకోవాలని హెచ్చరిక వచ్చింది. బెదిరింపు ఉత్తరాలు నాకు కొత్త కాదు. టిక్కు పెట్టాను.

తెర నీలంగా మారింది. రెండు చుక్కలూ ఒక వంపు గీతా కలిసి మూతి ముడిచిన ముఖం ఒకటి ప్రత్యక్షమైంది. దాని కింద క్రిటికల్ ప్రాసెస్ డైడ్ అన్న సంతాప సందేశం. పెన్షనర్ల వినతిపత్రం నాలుగు పేజీలూ ఆ నీలంలో కలిసిపోయాయి.

ఆదివారం మేనల్లుడు స్వయంగా వచ్చాడు. సర్వీస్ హోస్ట్ అంటే మనిషి కాదు, సత్రం అన్నాడు. డీఎల్ఎల్ అనే ఫైళ్ల రూపంలో ఉండే సర్వీసులు, అంటే తెరవెనుక పనిచేసే ప్రోగ్రాములు, వాటంతట అవి నడవలేవు; ఎవరో ఒకరు ఇంట్లో చోటు ఇచ్చి నడిపించాలి. ఆ చోటు ఇచ్చేదే సర్వీస్ హోస్ట్. విండోస్ 2000 కాలంలో ర్యామ్, అంటే కంప్యూటర్ జ్ఞాపకశక్తి, ఖరీదైన వస్తువు కాబట్టి పది సర్వీసులను ఒకే సత్రంలో పడుకోబెట్టేవారు. అందులో ఒకడికి వాంతులు పట్టుకుంటే తక్కినవారంతా చాపలు చుట్టుకుని బయటికి పరుగెత్తవలసి వచ్చేది. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, 3.5 గిగాబైట్లకు మించి ర్యామ్ ఉన్న ఇళ్లలో చాలామటుకు వేరు కుంపట్లు పెట్టించారు. నా దగ్గర 8 గిగాబైట్లు ఉన్నాయి. 74 గుమ్మాలకూ ఒకటే బోర్డు ఉండడానికి కారణం అది. లోపల ఉన్నది ఒకరికి శబ్దం, ఒకరికి నెట్‌వర్క్, ఒకరికి గడియారం సరిదిద్దే పని. వేరు కాపురాలను దొంగ మస్టరుగా భావించిన అధికారి చరిత్రలో నేనొక్కడినే కాకపోవచ్చునని నన్ను నేను సముదాయించుకున్నాను.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. పలకడానికి నోరు తిరగని పేరు ఉన్నవాడల్లా దొంగ అనుకోవడం నా ఒక్కడి జబ్బు కాదు. సీఎస్ఆర్ఎస్ఎస్, విన్ఇనిట్, డీడబ్ల్యూఎం అన్న పేర్లు చూసి భయపడని ఇంటి యజమాని అరుదు. చివరిది లేకపోతే తెర మీది కిటికీలను ఒకదానిపై ఒకటి కూర్చి బొమ్మగా చూపించే దిక్కు ఉండదు. ఎల్‌శాస్ అనేది మనం లోపలికి వచ్చేటప్పుడు పాస్‌వర్డ్ సరిచూసే గుమాస్తా. దానిలో ఉన్న లోపాన్ని పట్టుకుని 2004లో సాసర్ అనే వైరస్ లాంటి కంప్యూటర్ పురుగు లోకమంతా పాకింది. మరో 60 సెకన్లలో యంత్రం ఆగిపోతుందని తెర మీద లెక్కపెట్టించి మరీ ఆపేసేది. దానిని రాసినవాడు జర్మనీకి చెందిన ఒక కుర్రవాడు. ఆ గుమాస్తా పేరులోని మొదటి చిన్న ఎల్‌కు బదులు పెద్ద ఐ అక్షరం పెట్టి వచ్చే మారువేషగాళ్లు కూడా ఉంటారు, ఎందుకంటే తెర మీద ఆ రెండూ ఒకే నిలువు గీతలా కనిపిస్తాయి. అనుమానం వస్తే చేయవలసిందల్లా ఆ పేరు మీద మౌస్ కుడి మీట నొక్కి, ఫైల్ ఎక్కడుందో చూపించమనడం. అసలువాడి చిరునామా విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32. పేరు చూసి తొలగించడానికి ముందు చిరునామా చూడాలన్న పాటి విచారణ ఏ చార్జి మెమోకైనా ముందు జరగవలసిందే. అది నాకు తెలియనిది కాదు, తోచలేదంతే.

తెరవెనుక పనివాళ్లకు, విండోస్ లాంటిదే మరొకటైన యునిక్స్ లోకంలో డీమన్ అని పేరు. 1963లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంవారి ప్రాజెక్ట్ మ్యాక్ అనే పరిశోధనలో, ఐబీఎం 7094 యంత్రం దగ్గర పనిచేసినవారు ఆ పేరు పెట్టారు. భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన, కూర్చున్నచోటే అణువులను ఏరుతూ ఉండే భూతం వారికి స్ఫూర్తి. తెలుగులో దానిని దయ్యం అని రాసేవారున్నారు గానీ నాకు అంతకంటే పొలిమేర దగ్గరి పోతురాజు సరిపోతాడనిపిస్తుంది. ఊళ్లో ఎవరూ ఆయనను రోజూ తలుచుకోరు, తీసేద్దామని కూడా ఎవరూ అనరు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది ఈ సిబ్బంది క్రమశిక్షణ. నేను లేచి వంటింట్లోకి వెళ్లిన కాసేపటికి కంప్యూటర్‌లోని ఫ్యాను బుసకొట్టడం మొదలవుతుంది. గ్లాసు చేత్తో పట్టుకుని పరుగున వచ్చి మౌస్ కదిపితే నాలుగైదు క్షణాల్లో నిశ్శబ్దం. నా వెనుక ఏదో జరుగుతోందన్న అనుమానానికి ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది? జరుగుతున్నమాట నిజమే. డిస్కును సరిచేయడం, వైరస్ కోసం వెతకడం, అప్‌డేట్లు సర్దడం వంటి పనులకు విండోస్ పెట్టుకున్న మామూలు ముహూర్తం తెల్లవారుజామున 2 గంటలు. అప్పుడు యంత్రం ఆగి ఉంటే యజమాని పక్కకు తప్పుకున్న సమయం కోసం కాచుకుంటాయి. యజమాని తిరిగి రాగానే చేతిలో పని కిందపెట్టి తప్పుకుంటాయి. ఫైళ్లకు సూచిక తయారుచేసే సెర్చ్ ఇండెక్సర్ కూడా మనం టైపు చేస్తున్నంతసేపు వెనక్కు తగ్గి ఉంటుంది. అధికారి వస్తున్నాడంటే ఫైళ్లు తెరిచి పని నటించే సిబ్బందిని జీవితమంతా చూసినవాడిని. అధికారి రాగానే చేస్తున్న పనిని దాచేసే సిబ్బందిని ఏమనాలో ఏ ప్రవర్తనా నియమావళిలోనూ లేదు.

జ్ఞాపకశక్తి విషయంలో నేను చేసిన నిర్వాకం దీనికి తీసిపోదు. రిసోర్స్ మానిటర్‌లో 8 గిగాబైట్ల ర్యామ్‌లో ఫ్రీ అన్న చోట మిగిలింది కొన్ని వందల మెగాబైట్లే అని చూసి, మేనల్లుడు ఇంటికి రాకముందే డబ్బు కట్టి ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నాను. అది పదిహేను నిమిషాలకొకసారి ర్యామ్‌ను ఊడ్చి, ఎంత ఖాళీ చేసిందో ఆకుపచ్చ అంకెల్లో ప్రకటించేది. ఆ ప్రకటన వచ్చిన ప్రతిసారీ బ్రౌజర్ బిగుసుకుపోయేది. ఆ బిగుసుకుపోవడం ఊడ్చినందువల్లనే అని తెలియక, ఊడ్పు సరిపోలేదనుకుని పది నిమిషాలకొకసారి చేయించాను. నిజానికి ఆ ర్యామ్‌లో చాలా భాగం స్టాండ్‌బై అనే పద్దులో ఉంది. ఎవరైనా అడిగిన మరుక్షణం ఖాళీ చేసి ఇచ్చే చోటు అది. ఏ పూట ఏ ప్రోగ్రామ్ తెరుస్తామో గమనించి దానిని ముందే తెచ్చిపెట్టే పని సిస్‌మెయిన్ అనే సర్వీసుది. విస్టా కాలంలో దాని పేరు సూపర్‌ఫెచ్. పొయ్యి గట్టు ఖాళీగా కనిపించాలని పోపులపెట్టెను అటక మీద పెట్టించి, ప్రతి తాలింపుకూ నిచ్చెన వేయించే మొగుడిని ఏ ఇల్లాలు భరిస్తుంది? కంప్యూటర్ భరించింది.

ఇంతకీ అసలు అనవసరపు భారం ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు నోరు తిరగని పేర్లలో దొరకలేదు. మేనల్లుడు స్టార్టప్ యాప్స్ అన్న పుట తెరిచాడు. అక్కడ అందరికీ అందమైన పేర్లు, రంగురంగుల బొమ్మలు. ప్రింటర్‌తో పాటు వచ్చి ఇంకు కొనమని నెలకోసారి గుర్తుచేసే సహాయకుడు. మా అమ్మాయితో ఒకే ఒక్కసారి మాట్లాడడానికి వేసుకున్న మీటింగ్ యాప్, అది పనిచేయనందువల్ల వేసుకున్న రెండవ మీటింగ్ యాప్. వేసవి సెలవుల్లో మనవడు దించిన ఆటల దుకాణం. పీడీఎఫ్ చదివేదానికి కొత్త రూపం వచ్చిందేమోనని రోజూ వెళ్లి అడిగి వచ్చేవాడు. జాతకాల సాఫ్ట్‌వేర్. మొత్తం పదకొండు మంది, అందరూ కంప్యూటర్ వెలిగీ వెలగకముందే కుర్చీలు వేసుకుని కూర్చునే బాపతు. వీరిలో ఎవరినీ విండోస్ నియమించలేదు. ప్రతి ఒక్కరి నియామక పత్రం మీదా నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ అన్న నా సంతకం ఉంది. మొదలయ్యేటప్పుడు ఒక సెకనుకు మించి ప్రాసెసర్ సమయాన్నో, 3 మెగాబైట్లకు మించి డిస్కునో వాడినవారి ఎదురుగా హై అని రాసి ఉంటుంది. మేనల్లుడు ఆ వరుస మీద వేలు పెట్టి కిందికి జార్చుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు.

"మావయ్యా, మీ క్లీనర్‌కు కూడా హై ఉందండీ."

దానికి డబ్బు కట్టిన రసీదు నా దగ్గర ఉందని చెప్పాను. వాడు జవాబు చెప్పకుండా డిసేబుల్ నొక్కాడు.

పదకొండు మందినీ ఇంటికి పంపాక, సర్వీసుల జాబితాలో కూడా నిజంగా పని లేనివారు ఒక్కరైనా ఉన్నారేమో చూడమన్నాను. అధికారి పరువు కొంతైనా నిలబడాలి కదా. ఒకరు దొరికారు. ప్రింట్ స్పూలర్. అచ్చు వేయవలసిన కాగితాలను వరుసలో నిలబెట్టి ప్రింటర్‌కు అందించడం దాని విధి. మా ప్రింటర్ రెండేళ్లుగా మా ఆవిడ కుట్టిన పూల గుడ్డ కప్పుకుని టీవీ పక్కన ఉంది. ఇంకు గడ్డకట్టిపోయింది. అయినా స్పూలర్ మాత్రం రోజూ యంత్రంతో పాటే లేచి డ్యూటీకి హాజరవుతోంది.

"దీన్ని ఆపేయొచ్చు మావయ్యా. మీకు ప్రింటర్ లేనట్టే. పైగా 2021లో ఇందులో పెద్ద లోపం బయటపడింది, ప్రింట్‌నైట్‌మేర్ అన్నారు. జూలైలో హడావుడిగా ప్యాచ్ ఇచ్చారు."

"ఆ ప్యాచ్ మనకు వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే ఉండనీ."

వాడు నా వైపు వింతగా చూశాడు. ఉద్యోగం చివరి రెండేళ్లు నన్ను ఒక సెక్షన్‌కు మార్చారు. ఆ సెక్షన్ ఫైళ్లన్నీ అంతకు ఏడాది ముందే జిల్లా కేంద్రానికి తరలిపోయాయి. నేను రోజూ పదిన్నరకు వెళ్లి, హాజరు పట్టీలో సంతకం పెట్టి, ఖాళీ బల్ల ముందు ఐదింటివరకు కూర్చునేవాడిని. వాడికి ఈ సంగతి చెప్పలేదు. స్పూలర్ ఎదురుగా ఉన్న రన్నింగ్ అన్న మాటను మరోసారి చూసి, టాస్క్ మేనేజర్ మూసేయమన్నాను.