సింక్ అయింది సరే, ఫైలు ఎక్కడుంది?

ఆదోని పత్తి యార్డులో కమీషన్ మండీ, అనంతపురంలో మందుల దుకాణం, కడపలో ఎరువుల డీలరు. అందరూ చిట్టా, ఆవర్జా పుస్తకాలను అటక ఎక్కించి చాలా ఏళ్లయింది. కంప్యూటరు పక్కన ఇప్పుడు ఫోనూ చేరింది. "మీ లెక్కలు ఎక్కడున్నాయి సార్?" అని యజమానిని అడిగి చూడండి. "టాలీలో ఉన్నాయి" అంటారు. ఇంకాస్త గుచ్చి అడిగితే "ఫోన్లో కూడా వస్తాయి, క్లౌడ్లో ఉంటాయి కదా" అంటారు. టాలీ లెక్క రాసే ప్రోగ్రామ్ మాత్రమే. ఫోన్లో కనిపించేది నకలు. అసలు లెక్క డిస్కు మీద ఏదో ఒక ఫోల్డర్లో ఉంటుంది, ఆ ఫోల్డర్ పేరు దుకాణంలో ఎవరికీ తెలియదు. వైరస్‌ల కంటే ఈ తెలియకపోవడమే మన ఊళ్లలో ఎక్కువ లెక్కలను ముంచుతోందని నా అభిప్రాయం.

ముంచే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. కంప్యూటరు నెమ్మదిస్తుంది, "విండోస్ కొట్టించాలి" అనుకుంటారు, అంటే సి డ్రైవ్‌లో విండోస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించడం. వచ్చిన కుర్రాడు డి డ్రైవ్ జోలికి పోనంటాడు, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ పక్కకు తీసి పెడతానంటాడు. అన్నట్టే చేస్తాడు కూడా. అయినా లెక్కలు పోతాయి. టాలీ కొత్త వెర్షన్ టాలీప్రైమ్‌ను ఏ సెట్టింగూ మార్చకుండా ఎక్కిస్తే డేటా డి డ్రైవ్‌లోకి పోదు, డాక్యుమెంట్స్‌లోకీ పోదు. సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో పబ్లిక్, అందులో టాలీప్రైమ్, అందులో డేటా అనే ఫోల్డర్లోకి పోతుంది. పబ్లిక్ అన్న పేరు చూసి అక్కడ పనికొచ్చేది ఏముంటుందని ఎవరూ తెరవరు. డేటా లోపల ఒక్కో కంపెనీకి 10000, 10001 లాంటి అంకెలే పేరుగా ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. దుకాణం పేరు దాని మీద ఎక్కడా కనిపించదు. ఆ అంకెల ఫోల్డర్ మొత్తం కలిపితేనే ఒక కంపెనీ. అందులో పెద్దగా కనిపించిన ఒక ఫైలును మాత్రమే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే తర్వాత తెరుచుకోదు.

మీ డేటా నిజంగా ఎక్కడుందో చూడాలంటే టాలీ ఎక్కించిన ఫోల్డర్లో టాలీ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. డేటా అనే మాటతో మొదలయ్యే వరుసలో పూర్తి దారి రాసి ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి సీపీయూకు అతికించండి. దుకాణంలో పాత టాలీ ఈఆర్పీ 9 కూడా మిగిలి ఉంటే రెండు డేటా ఫోల్డర్లు దొరుకుతాయి. ఏది నడుస్తున్నదో ఫైళ్ల మీది తేదీ చూసి తేల్చుకోవాలి. చాలాచోట్ల బ్యాకప్ పేరుతో ఏళ్ల తరబడి పాత ఫోల్డర్నే కాపీ చేస్తుంటారు.

ఇప్పటికే విండోస్ కొట్టించేసి ఉంటే? పాత పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా దాని మీదే కొత్తది ఎక్కించి ఉంటే సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల పాత యూజర్స్, పబ్లిక్ ఉన్నవి ఉన్నట్టే దొరకొచ్చు. అయితే పది రోజులయ్యాక విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది, కాబట్టి ఆ రోజే చూడాలి. ఫార్మాట్ కొట్టి ఉంటే, పాత హార్డ్‌డిస్క్ విషయంలో ఇంకా కొంత ఆశ ఉంటుంది. దాని మీద ఇంకేమీ రాయకుండా విప్పి, వేరే కంప్యూటరుకు తగిలించి రికవరీ చేయించుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్కు) అయితే, విండోస్ పంపే ట్రిమ్ అనే ఆదేశం అందుకుని ఖాళీ అయిన చోటును డిస్కే లోపల తుడిచేసుకుంటుంది. దానికి రికవరీ పేరుతో డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

"ఫోన్లో యాప్ ఉంది కదా, దాంట్లోంచి తెచ్చుకోవచ్చు" అనే ధైర్యం ఒకటుంది. టాలీ నివేదికలను బ్రౌజర్లో చూసే సౌకర్యం వాడుతుంటే, అడిగినప్పుడల్లా దుకాణంలోని కంప్యూటరే జవాబు పంపుతుంది. అది ఆగి ఉంటే ఫోన్లో ఏమీ రాదు. వేరే సంస్థల యాప్‌లు కొన్ని లెక్కలను తమ సర్వర్‌కు ఎక్కించుకుని అక్కడి నుంచి చూపిస్తాయి. చివరిసారి సింక్ అయిన, అంటే సర్వర్‌తో సరిచూసుకున్న, నాటి బాకీల జాబితా అందులో దొరుకుతుంది, పార్టీల దగ్గర వసూలుకు అది పనికొస్తుంది. కానీ అది చూపడానికి తయారు చేసిన నకలు. దాంట్లోంచి అంకెల ఫోల్డర్ తిరిగి పుట్టుకొస్తుందని లెక్క వేసుకోకూడదు.

మరికొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. డేటా ఫోల్డర్నే వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టేస్తే ఇక దిగులు లేదనుకుంటారు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. టాలీ నడుస్తుండగా ఒక్క వోచర్ (ఒక లావాదేవీ ఎంట్రీ) వేస్తే పలు ఫైళ్లు కలిసి మారతాయి. సింక్ ప్రోగ్రామ్‌కు అవన్నీ ఒకే జట్టు అని తెలియదు. వీలు దొరికినప్పుడు ఒక్కొక్కటి ఎక్కిస్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్న మధ్యాహ్నం మొదటి ఫైలు పదకొండు గంటల నాటిది, చివరిది పన్నెండు నాటిది అవుతుంది. క్లౌడ్లో ఉన్న ఆ కట్ట ఏ ఒక్క క్షణానికీ చెందదు. పైగా ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనూ అదే ఫోల్డర్ తెరిస్తే రెండు వైపులా మార్పులు వస్తాయి. అప్పుడు వన్‌డ్రైవ్ ఒక ఫైలు పేరు చివర కంప్యూటరు పేరు తగిలించి రెండోదాన్ని పక్కన పెడుతుంది. అలాంటి పేరున్న ఫైలు టాలీ దృష్టిలో లేనట్టే. ఆ రోజు సగం ఎంట్రీలు ఏమయ్యాయో అర్థం కాక అకౌంటెంట్ తల పట్టుకుంటాడు.

సరైన పద్ధతి వేరే. నడిచే డేటా సింక్ ఫోల్డర్‌కు బయటే ఉండాలి. సాయంత్రం షట్టర్ దించే ముందు టాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీసుకుని, ఆ బ్యాకప్ ఫైలును మాత్రం క్లౌడ్ ఫోల్డర్లో వేయాలి. రోజుకో తేదీ పేరుతో ఫోల్డర్ పెట్టుకోండి. ఒకే ఫైలు మీద మళ్లీ మళ్లీ రాస్తే పాడైన నాటి నకలు మంచి నకలును మింగేస్తుంది. సింక్‌కు ఉన్న అసలు గుణం అదే: ఇక్కడ చేసింది అక్కడా చేస్తుంది. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్, సొంత ఖాతాలకు వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్ 30 రోజులు దాచి పెడతాయి. మార్చి ముగింపు లెక్కల కోసం జూన్‌లో వెతికేవాడికి ఆ గడువు చాలదు.

వన్‌డ్రైవ్ గురించి ఇంకొకటి చెప్పాలి. కొత్త ల్యాప్‌టాప్‌లో అడిగిన ప్రతిదానికీ సరే అంటూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లే వన్‌డ్రైవ్ లోపలికి మారిపోతాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండిన రోజు నుంచి సింక్ ఆగిపోతుంది, హెచ్చరికను ఎవరూ చదవరు. ఫైలు పక్కన నీలి మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు మీ డిస్కు మీద లేదని అర్థం, పేరు మాత్రమే ఉంది. నెట్ లేనప్పుడు తెరుచుకోదు. నెట్ ఉన్నప్పుడు తెరిస్తే దిగుతుంది. ఎప్పటికీ డిస్కు మీదే ఉండాలంటే రైట్ క్లిక్ చేసి ఎల్లప్పుడూ ఈ కంప్యూటర్లో ఉంచాలన్న ఎంపిక పెట్టాలి. ఆడిటర్ ఆఫీసుల్లో ఔట్‌లుక్ వాడేవాళ్లు అది మెయిళ్లు దాచే ఓఎస్‌టీ, పీఎస్‌టీ ఫైళ్ల తేడా తెలుసుకుంటే చాలు. యాప్‌డేటాలో ఉండే ఓఎస్‌టీ సర్వర్‌లోని మెయిళ్లకు నకలు, పోయినా మళ్లీ తయారవుతుంది. డాక్యుమెంట్స్‌లో ఔట్‌లుక్ ఫైల్స్ కింద ఉండే పీఎస్‌టీ చాలాసార్లు ఏకైక ప్రతి.

ఇక ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ రెండు చోట్లుంటాయి. ఒకటి ఫోన్ లోపలి డేటా విభాగంలో యాప్ ప్యాకేజీ పేరుతో ఉండే సొంత గది. డేటాబేస్ ఉండేది మామూలుగా అక్కడే, డేటాబేసెస్ అనే ఫోల్డర్లో. రూట్ చేయని, అంటే కంపెనీ పెట్టిన అడ్డంకులు తొలగించని ఫోన్లో దాన్ని మీరు చూడలేరు, కేబుల్ పెట్టినా రాదు. రెండోది పైకి కనిపించే స్టోరేజీలో ఆండ్రాయిడ్, దాని కింద డేటా, దాని కింద యాప్ పేరు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి దీన్ని కూడా ఇతర యాప్‌లకు మూసేశారు. యాప్ తీసేస్తే ఈ రెండు చోట్లా తుడిచిపెట్టుకు పోతుంది. సెట్టింగ్స్‌లో క్లియర్ క్యాష్ నొక్కితే తాత్కాలిక ఫైళ్లే పోతాయి. పక్కనే ఉండే క్లియర్ డేటా నొక్కితే డేటాబేస్ పోతుంది. స్టోరేజీ నిండిందని ఫోన్ గోల పెట్టినప్పుడు ఖాతా పుస్తకం యాప్ మీద ఆ రెండో బటన్ నొక్కినవాళ్ల కథలు ప్రతి సర్వీస్ సెంటర్లో వినిపిస్తాయి.

ఇలా మూసేయడం తప్పా? నేను తప్పనను. స్టోరేజీ, కాంటాక్టులు అన్నీ తెరిచి ఉంచిన కాలంలోనే అప్పుల యాప్‌లు జనం ఫొటోలు, నంబర్లు లాక్కుని బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీశాయి. 2020, 2021ల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్ని కేసులు చూశాం! తలుపు మూయాల్సిందే. కానీ ఇంటి యజమాని చేతికి తాళం చెవి ఇవ్వాలి కదా. మొత్తం డేటాను ఒక ఫైలుగా బయటికి తీసుకునే బటన్ లేని బిల్లింగ్ యాప్‌ను, ఎంత చవకగా వచ్చినా, దుకాణంలో పెట్టుకోకూడదు. అమ్మే ఏజెంటును మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. దీనికి నీళ్లు నమిలితే ధర దాకా పోనక్కర్లేదు.

వాట్సాప్ ఈ విషయంలో కొంత నయం. నడిచే డేటాబేస్‌ను లోపలి గదిలో దాచినా, రోజూ తెల్లవారుజామున రెండు గంటలకు గుప్తీకరించిన నకలు ఒకటి బయట పెడుతుంది. అది ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, డేటాబేసెస్ అనే దారిలో ఉంటుంది. పేరు ఎంఎస్‌జీస్టోర్‌తో మొదలై క్రిప్ట్14 లేదా క్రిప్ట్15తో ముగుస్తుంది. వారం రోజుల నకళ్లు దొరుకుతాయి. యూట్యూబ్‌లో ఇప్పటికీ చెప్పే పాత దారి, స్టోరేజీలో నేరుగా వాట్సాప్ ఫోల్డర్, ఆండ్రాయిడ్ 11కు ముందుది. కొత్త ఫోన్‌కు మారేటప్పుడు ఈ ఫోల్డర్ను అదే దారిలో కాపీ చేసి, ఆ తర్వాతే నంబర్ ధ్రువీకరించాలి. ముందు ధ్రువీకరించి తర్వాత కాపీ చేస్తే పునరుద్ధరించాలా అన్న ప్రశ్నే రాదు. ధరలు, ఆర్డర్లు అన్నీ వాట్సాప్‌లోనే నడిపే వ్యాపారులు కంప్యూటర్లోని వాట్సాప్‌ను భద్రమనుకుంటారు. ప్రధాన ఫోన్‌ను 14 రోజులకు మించి వాడకపోతే ఆ కంప్యూటర్ల నుంచి లాగౌట్ అయిపోతుంది.

అనంతపురం పల్లెల్లో, నల్లమల అంచు ఊళ్లలో స్వచ్ఛంద సంస్థల సర్వేలు చేసేవాళ్లు ఓడీకే కలెక్ట్, కోబో కలెక్ట్ అనే ఫారాలు నింపే యాప్‌లు వాడతారు. సిగ్నల్ లేనిచోట నింపిన ఫారాలు ఆండ్రాయిడ్ డేటా కింద ఆ యాప్ పేరుతో ఉన్న ఫోల్డర్లో, ఫైల్స్, ప్రాజెక్ట్స్, ఇన్‌స్టెన్సెస్ అనే వరుసలో పేరుకుంటాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో ఫోల్డర్, లోపల ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు, ఫొటోలు. డ్రాఫ్ట్‌గా వదిలేసినవి సిగ్నల్ వచ్చినా సర్వర్‌కు పోవు. యాప్ మొరాయిస్తోందని తీసేసి మళ్లీ ఎక్కిస్తే పంపని ఫారాలన్నీ గల్లంతు. అంతకుముందే కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి ఆ ఇన్‌స్టెన్సెస్ ఫోల్డర్ కాపీ చేసుకోవాలి. చాలా ఫోన్లలో కేబుల్ ద్వారా ఆ చోటు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఫోన్ యాప్‌లలో చాలావాటికి, డెస్క్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, చదువు కార్డుల ప్రోగ్రామ్ ఆంకీ వంటివాటికి లోపల పనిచేసేది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్. దాన్ని కాపీ చేసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటే, కానీ ఖరీదైనది. డాట్ డీబీ ఫైలు పక్కన అదే పేరుకు వాల్, ఎస్‌హెచ్‌ఎం అని తోక తగిలిన రెండు ఫైళ్లు కనిపించవచ్చు. కొత్త ఎంట్రీలు మొదట వాల్ ఫైలులో పడతాయి. మామూలు అమరికలో 1000 పేజీలు (డేటాబేస్ రాసుకునే ముక్కలు), అంటే ఇంచుమించు 4 ఎంబీ, నిండాక అసలు ఫైలులోకి చేరతాయి. చిన్న దుకాణానికి 4 ఎంబీ అంటే బోలెడు బిల్లులు. డాట్ డీబీ ఒక్కటే కాపీ చేస్తే అవన్నీ రావు, తప్పు జరిగినట్టు హెచ్చరికా రాదు. ఫైలు చక్కగా తెరుచుకుంటుంది, చివరి ఎంట్రీలు మాత్రం ఉండవు. అందుకే ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి, మూడూ ఉంటే మూడూ కలిపి తీసుకోవాలి. కరెంటు పోయి యంత్రం ఆగిపోయినప్పుడు వాల్ ఫైలును చెత్త అనుకుని క్లీనర్ ప్రోగ్రామ్‌తో తుడవడం అంతకన్నా పెద్ద పొరపాటు. మళ్లీ తెరిచినప్పుడు కోలుకోవడానికి ఆధారం అదే.

ఐఫోన్‌లో యాప్ గదులు అసలే కనిపించవు. విండోస్ కంప్యూటర్లో బ్యాకప్ తీస్తే మొబైల్‌సింక్, దాని కింద బ్యాకప్ అనే ఫోల్డర్లోకి పోతుంది. లోపలి ఫైళ్ల పేర్లు నలభై అక్షరాల గజిబిజి. సి డ్రైవ్ ఎందుకు నిండిందో తెలియక కొందరు దాన్నే తుడిచేస్తారు.

1996లో పామ్ సంస్థ తెచ్చిన పైలట్ అనే జేబు కంప్యూటరు కాలంలో చేతి యంత్రంలోని డేటా అంతా ర్యామ్‌లోనే ఉండేది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే ఖాళీ. అందుకే కంప్యూటరుతో సింక్ చేసే హాట్‌సింక్ బటన్ నొక్కగానే కంప్యూటర్లో యజమాని పేరుతోనే ఒక ఫోల్డర్, దాంట్లో బ్యాకప్ అని ఇంకొకటి తయారయ్యేవి. ఎవరైనా తెరిచి చూడొచ్చు. సౌకర్యాలు పెరిగాయి గానీ ఆ పాటి పారదర్శకత ఈనాటి యాప్‌లకు లేదు.

బ్యాకప్ పనిచేస్తుందో లేదో ఇంకో కంప్యూటర్లో, ఖాళీ ఫోల్డర్లోకి రీస్టోర్ చేసి చూస్తేనే తెలుస్తుంది. నడిచే డేటా ఫోల్డర్ మీదకు రీస్టోర్ చేయొద్దు, ఉన్నది చెరిగిపోవచ్చు. తెరిచాక నిన్నటి రోకడి నిల్వ సరిపోయిందా అని ఒక్క అంకె చూస్తే చాలు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. 2023-24 లెక్కలకు ఆ గడువు 2024 డిసెంబర్ 31, కాబట్టి 2030 డిసెంబర్ 31 దాకా అవి తెరుచుకోవాలి. టాలీప్రైమ్ 3.0, ఆపై వెర్షన్లలో పాత డేటాను తెరవాలంటే మైగ్రేట్ చేయాలి, అంటే కొత్త రూపంలోకి మార్చాలి, చేశాక అది పాత వెర్షన్లో తెరుచుకోదు. పెన్‌డ్రైవ్ మీద తేదీతో పాటు ఏ వెర్షన్లో తీసిన బ్యాకప్పో కూడా రాసి పెట్టండి.